నమూనాకు నిజమైన రంగు

మానవుడు స్వభావముచేతనే అనుకరణప్రియుడు. పసివాడు తాత చేతికఱ్ఱను చూచి పుల్లను ఊతకఱ్ఱగా పట్టుకొని నడచును. బాలిక తల్లి వంటను చూచి లక్కపిడతలలో గుజ్జనగూళ్లు వండును. వయస్సు పెరిగిన కొలదియు ఈ అనుకరణము ఆటగా నుండక విద్యగా మాఱును. విజయనగరము, శ్రీకాకుళము మండలములలోని ఉన్నత పాఠశాలలలో వైజ్ఞానిక ప్రదర్శనము సమీపించినప్పుడు ఈ విద్య చక్కగా కనబడుచుండును. విద్యార్థులు అట్టముక్కలను, వెదురుబద్దలను, పాత డబ్బాలను ప్రోగుచేసి నమూనాలు నిర్మింతురు. ఒకడు రాకెట్టును చేయును. వేఱొకడు చంద్రునిపై దిగిన నౌకను చేయును. ఇంకొకడు చలనచిత్రమున చూచిన కాలయంత్రమును చేయ పూనుకొనును.

ఆకారము కుదిరిన తరువాత రంగు వేయు వేళ వచ్చును. అప్పుడే వివాదము పుట్టును. "ఏ రంగైన నేమి? లోకమున లేని యంత్రమునకు నిజమైన రంగు ఎక్కడనుండి వచ్చును?" అని ఒకడనును. "దానికొక రంగుండెను, దానినే వేయవలెను" అని మఱియొకడనును. పని త్వరగా ముగియవలెనను కోరిక అందఱికి నుండుటచేత మొదటివాని మాటయే తఱచుగా గెలుచును. ఆ గెలుపు న్యాయమైనది కాదు. రంగు నమూనాకు పైపై సొగసు కాదు. అసలు వస్తువును గూర్చి నమూనా పలుకు సాక్ష్యము. తెలియక తప్పుడు సాక్ష్యము పలుకుట పొరపాటు. తెలిసికొను అవకాశముండియు తెలిసికొనక పలుకుట దోషము.

కల్పిత యంత్రమునకు నిజమైన రంగు లేదను వాదము వినుటకు ఇంపుగా నుండును గాని నిలువదు. 1991వ సంవత్సరమున సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 'ఆదిత్య 369' అను తెలుగు చిత్రము వెలువడెను. అందలి కాలయంత్రము కథలోని వారిని 1526వ సంవత్సరమునకు, అనగా శ్రీకృష్ణదేవరాయల కాలమునకు గొనిపోవును. పిదప 2504వ సంవత్సరమునకు గొనిపోవును. అట్టి ప్రయాణము ఎవ్వరును చేసియుండలేదు. కాని ఆ యంత్రపు రూపమును ఎవరో ఊహించి గీసిరి, పనివారు దానిని కట్టిరి, రంగులవారు పూతపూసిరి, అది దీపముల యెదుట నిలిచెను. ప్రయాణము కల్పితమే, యంత్రముపైని పూత మాత్రము నిజము. కల్పన కథకు చెందినది, వస్తువునకు చెందినది కాదు.

అట్లైనచో ఆ నిజమైన రంగును తెలిసికొనుట యెట్లు? చిత్రమును మరల చూచిన చాలునని తోచును. కాని అది అంత సులభము కాదు. ఆ చిత్రమే 2025వ సంవత్సరము ఏప్రిల్ నెలలో సాంకేతికముగా మెఱుగుపఱుపబడి మరల విడుదలయ్యెను. పాత ప్రతిలోను, ఇంటి టెలివిజను తెఱపైనను, మెఱుగుపఱచిన ప్రతిలోను ఒకే వస్తువు ఒకే ఛాయతో కనబడునని నమ్మరాదు. ఫిలిము కాలక్రమమున వెలిసిపోవును. ఒక్కొక్క తెఱ రంగును ఒక్కొక్క తీరున చూపును. అందుచేత తెఱపై కనబడినది వస్తువును గూర్చిన వార్తయే గాని వస్తువు కాదు.

ఈ రహస్యము చీర కొనబోయిన గృహిణికి శాస్త్రగ్రంథము చదువకయే తెలియును. అంగడివాడు దీపముల క్రింద చీర మడత విప్పి ఎంత పొగడినను ఆమె మాట్లాడక ఆ చీర చెఱగును చేతబట్టుకొని వాకిటిలోనికి వచ్చి ఎండవెలుగులో చూచును. లోపల చూచినప్పుడు వంగపండు చాయగా నున్నది వెలుపల నేరేడుపండు చాయ కావచ్చును. ఆమె కన్ను మోసపోలేదు, వెలుగు మాఱినది. రంగు వస్తువునందు మాత్రమే యుండునది కాదు. వస్తువుపై పడు వెలుగు, ఆ వెలుగులో వస్తువు తిరిగి పంపు భాగము, దానిని గ్రహించు కన్ను, ఈ మూడింటి కలయికయే రంగు. కనుకనే రెండు పూతలు దీపము క్రింద కవలలవలె నుండి, ఎండలోనికి రాగానే పరాయివగుట కలదు. దీపము క్రింద కలిపిన రంగును దీపము క్రిందనే మెచ్చుకొని తృప్తిపడువాడు గృహిణికున్నపాటి జాగ్రత్త లేనివాడు.

నాటకరంగమునకు పేరెన్నికగన్న విజయనగరమువారికి ఈ విషయము కొత్త కాదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' మొదటిసారి 1892వ సంవత్సరమున ఆ పట్టణముననే ప్రదర్శింపబడెను. ఆనాటి రాత్రి నాటకములకు వెలుగునిచ్చినవి నూనెదీపములు. ఆ పసుపుపచ్చని వెలుగులో చవుకైన పసుపు పూత కూడ బంగారమై మెఱయును; నీలము నలుపువలె కనబడును. ఆనాటి పూతనే తెచ్చి నేటి తెల్లని విద్యుద్దీపముల యెదుట నుంచినచో కిరీటము కిరీటముగా నుండదు, పసుపు పూసిన అట్టగా బయటపడును. కావున పాత నాటకపు సామగ్రికి నకలు చేయువాడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. వస్తువున కుండిన రంగేది? ప్రేక్షకుని కంటికి తోచిన రంగేది? ఈ రెండును ఒకటియే యనుకొనుటవలన నమూనాలు చెడుచున్నవి.

దీనికి విదేశములందు ప్రసిద్ధమైన నిదర్శనము కలదు. అమెరికాలో 1966 మొదలు 1969 వఱకు 'స్టార్ ట్రెక్' అను వైజ్ఞానిక కల్పిత కథ టెలివిజనులో ప్రసారమయ్యెను. అందలి నౌకాధిపతి తొడుగుకొనిన చొక్కా ప్రేక్షకులకు బంగారు వన్నెగా కనబడెను. నిజమునకు ఆ వస్త్రము ఆకుపచ్చ చాయ గలది. చిత్రీకరణ దీపములును, ఫిలిమును కలిసి ఆ పచ్చదనమును పసిమిగా మార్చినవి. ఇప్పుడు ఆ చొక్కాకు నకలు కుట్టువాడు ఏ గుడ్డను ఎన్నుకొనవలెను? బంగారు వన్నె గుడ్డను తెచ్చినవాడు ప్రేక్షకుల జ్ఞాపకమునకు విధేయుడు. ఆకుపచ్చ గుడ్డను తెచ్చినవాడు వస్తువునకు విధేయుడు. ఇద్దఱును నిందార్హులు కారు. తాను దేనిని అనుసరించెనో చెప్పనివాడే నిందార్హుడు.

అసలు రంగును గూర్చిన సాక్ష్యమే లేనప్పుడు చిక్కు మఱింత పెద్దదగును. 1957వ సంవత్సరమున విడుదలయైన 'మాయాబజార్' నలుపు తెలుపుల చిత్రము. దానికి మాధవపెద్ది గోఖలే, కళాధర్ గారలు కళాదర్శకులు. అందలి గదలకు, కిరీటములకు, రథములకు రంగులుండెను. కాని ఫిలిము వానిని బూడిదవన్నెగా మాత్రమే పట్టుకొనెను. బూడిదవన్నె చెప్పగలిగినది రంగు ఎంత ముదురో, ఎంత లేతయో అను సంగతి మాత్రమే. ముదురు ఎఱుపును, ముదురు పచ్చయు అందులో ఒకే తీరున కనబడవచ్చును. 2010వ సంవత్సరమున ఆ చిత్రము రంగులలో విడుదలయ్యెను. రంగులు కూర్చినవారు ఒక్కొక్క నగకు, ఒక్కొక్క వస్త్రమునకు వన్నెను ఎన్నుకొనవలసి వచ్చెను. అది శ్రమతో కూడిన గొప్ప ఊహయే గాని సాక్ష్యము కాదు. ఘటోత్కచుని గదకు నమూనా చేయు బాలుడు ఆ రంగులను అనుసరింపవచ్చును. "2010వ సంవత్సరపు రంగుల ప్రతి ననుసరించి చేయబడినది" అని నమూనా క్రింద వ్రాసినచో అతని పని నిర్దోషమగును. వ్రాయనిచో చూపఱులు ఆ వన్నెయే 1957 నాటిదని నమ్ముదురు. ఒక చిన్న పంక్తి వ్రాయకుండుటచేత ఊహ చరిత్రయగును.

శాస్త్రజ్ఞులు సయితము ఈ విషయమున తడబడిన సందర్భము కలదు. 1976వ సంవత్సరము జులై 20వ తేదీన వైకింగ్ 1 అను నౌక కుజగ్రహముపై దిగెను. అది పంపిన తొలి రంగుల చిత్రమున ఆకాశము నీలివన్నెగా తయారయ్యెను. భూమిపైని ఆకాశమునకు అలవాటుపడిన కంటికి అది సహజముగనే తోచెను. కాని నౌకతోపాటు ముందే తెలిసిన రంగులు గల ఒక చిన్న పలకను కూడ పంపియుండిరి. దానితో సరిపోల్చి సవరింపగా ఆకాశము గులాబి కలసిన లేత ఎఱుపుగా తేలెను. కుజుని గాలిలోని సన్నని ధూళియే దానికి కారణము. అలవాటు ఒకటి చెప్పెను, పలక మఱియొకటి చెప్పెను. శాస్త్రజ్ఞులు పలక మాటను వినిరి. నమూనా చేయువాడు నేర్చుకొనవలసిన వినయము ఇదియే. నమూనా ప్రక్కన తనకు బాగుగా తెలిసిన రంగు ముక్క నొకదానిని ఉంచి చూచిన యెడల కంటి భ్రమ చాలవఱకు తొలగును.

అసలు వస్తువు మిగిలియున్నచో అదృష్టమే. అప్పుడును తొందర తగదు. పైన చెప్పిన అమెరికా కథలోని నౌకకు చిత్రీకరణ కొఱకు చేసిన పదునొకండడుగుల నమూనా 1974వ సంవత్సరమున స్మిత్సోనియన్ సంస్థకు చేరెను. తరువాతి కాలమున దానిని బాగుచేయు సందర్భములలో పైపూతలు మాఱినవి. 1991లో వేసిన పూత మొదటిదానివలె లేదని అభిమానులు చాలకాలము వాపోయిరి. 2014వ సంవత్సరమున ఆ సంస్థవారు దానిని మరల పరిరక్షింప పూనుకొనిరి. వారు వెంటనే కుంచె పట్టలేదు. పూర్వపు ఛాయాచిత్రములు ఎవరి యొద్దనైన నున్నచో పంపవలసినదని ప్రజలను గోరిరి. పళ్లెమువంటి భాగముయొక్క పైతలమున మొదటినాటి పూత చెక్కుచెదరక మిగిలియుండుటను ఆధారముగా గొని, దానికి సరిపోవునట్లు తక్కిన భాగములకు రంగులు కలిపిరి. 2016వ సంవత్సరమున అది మరల ప్రదర్శనకు వచ్చెను. ఆటవస్తువు వంటి ఒక నమూనాకై పండితులు ఇన్ని సంవత్సరములు శ్రమించుట వింతగా తోచవచ్చును. కాని కోట్లాది జనుల బాల్యస్మృతులు దానితో ముడిపడియున్నవి. స్మృతిని కాపాడుట చిన్నపని కాదు.

పాఠశాల విద్యార్థికి అట్టి ప్రయోగశాల లేకపోయినను అట్టి పద్ధతి సాధ్యమే. పాత వస్తువు నుండి రంగు గ్రహింపవలసివచ్చినచో ఎండ తగిలిన పైభాగమును గాక, మేకు తల క్రిందను, మూత లోపలను, మడత చాటునను చూడవలెను. అసలు వన్నె అక్కడ దాగియుండును. పైపూతను మాత్రమే గాక అడుగుపూతను కూడ గమనింపవలెను. తెల్లని అడుగుపూతపై ఎఱుపు వెలుగొందును. నల్లని అడుగుపూతపై ఆ ఎఱుపే కుంగిపోవును. తడిగా నున్నప్పటి రంగును నమ్మక, ఒక అట్టముక్కపై పూసి పూర్తిగా ఆఱిన పిమ్మట పోల్చవలెను. నీటిరంగులు ఆఱినప్పుడు చాయ మాఱుట అందఱు ఎఱిగినదే. నిగనిగయు రంగులో భాగమే; ఒకే నీలము మెఱుపు పూతతో ఒకటిగను, మెఱుపులేని పూతతో వేఱొకటిగను తోచును. కలిపిన పాళ్లను కాగితముపై వ్రాసియుంచవలెను. రెండవసారి కలుపునప్పుడు జ్ఞాపకశక్తి కంటె కాగితము నమ్మదగినది. ఈ పనులలో దేనికిని అధికమైన ధనము అక్కఱలేదు. ఓర్పు మాత్రము కావలెను.

ఓర్పుకు తోడు కారణజ్ఞానము కూడ అవసరము. 2023వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగిన విక్రమ్ నౌకకు నమూనా చేయువారు దానికి బంగారు కాగితము అంటింతురు. చూచుటకు అది సరియైనదే. కాని ఆ నౌక చుట్టును కనబడు పసిడివన్నె బంగారము కాదు. తేనె చాయ గల పలుచని ప్లాస్టిక్ పొర వెనుక అల్యూమినియము పూతయుండుటచేత అది అట్లు మెఱయును. అట్టి పొరలు పెక్కులు చేర్చి మితిమీరిన వేడిమి చలుల నుండి యంత్రములను కాపాడుదురు. ఈ కారణము తెలిసిన బాలుడు ఆ కాగితమును ఎక్కడ అంటింపవలెనో, ఎక్కడ అంటింపరాదో ఎఱుగును. తెలియనివాడు సూర్యుని వెలుగును గ్రహింపవలసిన నల్లని పలకలకు కూడ బంగారమే తొడుగును. రంగు వెనుక నున్న కారణమును గ్రహించినవాడు ఒక్క నమూనానే గాక ఒక శాస్త్రమును నేర్చుకొనును.

ఈ మాట ఉత్తర కోస్తా జనులకు తమ యింటి మాట. వరాహనది యొడ్డునగల ఏటికొప్పాక గ్రామమున అంకుడుకఱ్ఱతో లక్కబొమ్మలు చేయుదురు. గిరగిర తిరుగు కఱ్ఱకు రంగు కలిపిన లక్కను ఒత్తిపట్టగా, ఒరపిడి వేడికి అది కరగి కఱ్ఱపై పూతయై నిలుచును. ఆ బొమ్మలకు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు మున్నగువాని నుండి రంగులు తీయుదురు. నడుమ కొంతకాలము చవుకగాను సులభముగాను దొరకు రసాయనపు రంగులు ఆ పనిలో ప్రవేశించినవి. అవి కంటికి ఇంకను గాఢముగా కనబడినవి. కాని చెట్టునుండి వచ్చిన రంగునకుండు మెత్తదనము వానికి లేదు. అంతకంటె ముఖ్యమైనది, పసివాడు బొమ్మను చూచి ఊరకొనడు, నోట బెట్టుకొనును. సీసము వంటి లోహములు కలిసిన రంగు వాని శరీరమునకు విషము. సి.వి. రాజుగారు మొదలైనవారు ఆ గ్రామమున ప్రకృతిసిద్ధమైన రంగులను మరల వాడుకకు దెచ్చుటకు పాటుపడిరి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో రాజుగారు పద్మశ్రీ పురస్కారము నందిరి. 2025 గణతంత్రదినమున ఢిల్లీలో ఆ బొమ్మల పెద్ద నమూనాలతో ఆంధ్రప్రదేశ్ శకటము సాగి, రాష్ట్రముల శకటములలో మూడవ స్థానము పొందెను. రంగును చవుకగా తలచి మార్చినప్పుడు వృత్తికి గ్రహణము పట్టెను. రంగునకు దాని సత్యమును తిరిగి యిచ్చినప్పుడు వృత్తి వెలుగులోనికి వచ్చెను.

ఐనను సత్యమను పేర మూఢత్వము తగదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి వీణలు చేయుదురు. జ్ఞాపికలుగా ఇచ్చుటకు చేతిలో ఇముడునంతటి చిన్న వీణలును చేయుదురు. పూర్వము వీణల అలంకరణమునకు ఏనుగుదంతము వాడుట కలదు. నేడు దంతపు వ్యాపారము నిషిద్ధము. దాని స్థానమున ప్లాస్టిక్ వచ్చినది. అది సరియైన మార్పే. నమూనా ఎంత గొప్పదైనను ప్రాణముకంటె గొప్పది కాదు. కాని పాత వీణకు నమూనా చేయువాడు పాలవలె తెల్లని ప్లాస్టిక్‌ను అమర్చుటకు మాఱుగా, ఏండ్లు గడచి లేత పసిమి దేఱిన దంతపు చాయను ఎన్నుకొనవచ్చును. వస్తువు మాఱినను చాయ నిలుచును. చాయవలన స్మృతి నిలుచును. సత్యమునకును దయకును ఇక్కడ వైరము లేదు.

కొందఱు వేఱొక ఆక్షేపణ చేయుదురు. "పిల్లలు చేయు పనిలో ఇంత నిర్బంధమేల? వారికి నచ్చిన రంగు వేసికొననీయరాదా?" అందురు. తప్పక వేసికొననిండు. తన ఊహలోని యంత్రమునకు బాలుడు ఊదా, చిలుకపచ్చ, ఏ రంగైనను వేయవచ్చును. అక్కడ అతడే బ్రహ్మ. కాని "ఇది ఫలానా వస్తువునకు నమూనా" అని పేరు వ్రాసిన క్షణమున అతడు సృష్టికర్త కాడు, సాక్షి యగును. సృష్టికర్తకు స్వేచ్ఛ భూషణము. సాక్షికి సత్యము భూషణము. ఈ భేదము తెలిసిన పిల్లవాడు పెద్దవాడైన పిమ్మట వార్త వ్రాసినను, లెక్క వ్రాసినను, న్యాయస్థానమున నిలిచినను తన ఊహను ఊహగను, తాను చూచినదానిని చూచినదిగను చెప్పగలుగును.

మఱియొక హెచ్చరిక కూడ అవసరము. రంగు అచ్చుగా కుదిరిన కొలదియు నకలు అసలుగా చెల్లుబాటగు ప్రమాదము పెరుగును. కావున మంచి నమూనాకు అడుగున చేసినవాని పేరును, చేసిన సంవత్సరమును ఉండవలెను. కన్నును మెప్పించుట కళ. కొనువానిని మోసగించుట చౌర్యము. రెండింటికి నడుమ నుండు గోడ ఆ రెండు పంక్తులే.

ప్రదర్శనము ముగిసిన పిమ్మట అట్టలు చినుగును, జిగురు ఊడును, కాలయంత్రము పాఠశాల అటకపైకి ఎక్కును. బాలునితో మిగులునది నమూనా కాదు. రంగు కలుపుటకు ముందు వాకిటిలోనికి వచ్చి వెలుగులో చూచు అలవాటు. చూచినదానిని చూచినట్లు చెప్పుటయు, తెలియనిచోట "ఇది నా ఊహ" అని వ్రాయుటయు ఆ అలవాటు నేర్పు పాఠములు. చేతికంటిన రంగు ఒక్క నీటి చెంబుతో పోవును. ఈ అలవాటు పోరాదు.